ఓటు ముందు, ఖజానా తర్వాత: బ్రిటిష్ వలసల్లో ఎన్నికైన చట్టసభలు ఎదిగిన తీరు

సంక్షిప్తంగా: బ్రిటిష్ వలసల్లో ఎన్నికైన చట్టసభలు ఒకే దారిలో గాని, ఒకే వేగంతో గాని ఎదగలేదు. వర్జీనియాలో 1619లోనే ప్రజాప్రతినిధుల సభ కొలువుదీరింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్నికైన సభ్యులకు మెజారిటీ ఉన్న శాసనమండలి 1920 ఎన్నికలతో గాని రాలేదు. పాలనకు కావలసిన సొమ్మును ప్రభుత్వం సభను అడిగి తీసుకోవలసి వచ్చిందా, లేక అడగకుండానే వసూలు చేసుకోగలిగిందా అన్నదే ఈ మూడు వందల ఏళ్ళ అంతరానికి ప్రధాన కారణం. సీట్లు, ఓట్లు, ప్రశ్నలడిగే హక్కు ముందుగా వచ్చిన చోట్ల కూడా ఖజానా మీద అధికారం, మంత్రివర్గాన్ని దించగలిగే బలం చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆనాటి ఏర్పాట్లలో కొన్ని మన రాజ్యాంగంలో నేటికీ కనిపిస్తాయి.

రాష్ట్ర శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ ఎంతకాలం ఆపి ఉంచవచ్చన్న ప్రశ్న ఇటీవలి సంవత్సరాల్లో తమిళనాడు, కేరళ, పంజాబ్, తెలంగాణ రాష్ట్రాల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎన్నికైన సభ పక్కనే ఎన్నిక కాని అధికారి ఒకరు ఎందుకున్నారు, ఆయన చేతికి ఆ అధికారాలు ఎలా వచ్చాయి అన్న సందేహం ఈ వార్తలు చదివే చాలామందికి కలుగుతుంది. జవాబు వలస పాలన చరిత్రలో ఉంది. అయితే పాఠ్యపుస్తకాల్లో 1861, 1892, 1909, 1919, 1935 అని వరుసగా అప్పజెప్పే చట్టాల పట్టిక చూస్తే, బ్రిటన్ ఒక పథకం ప్రకారం మెట్టు మెట్టుగా ప్రజాస్వామ్యాన్ని అందించిందనే అభిప్రాయం ఏర్పడుతుంది. మిగతా వలసలతో పోల్చి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

అడిగి తీసుకోవలసిన పన్ను

1619 జులై 30న వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ చర్చిలో గవర్నర్, ఆయన సలహా మండలితో పాటు వివిధ స్థావరాల నుంచి ఇద్దరేసి చొప్పున వచ్చిన ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆ వలసను నడుపుతున్నది లండన్‌లోని ఒక వ్యాపార కంపెనీ. నష్టాల్లో ఉన్న ఆ కంపెనీకి వలసదారులు నిలదొక్కుకోవడం, మరికొందరు వలస రావడం అవసరం. తమ మీద పన్ను వేసే ముందు తమను అడుగుతారన్న భరోసా లేకుండా ఇంగ్లండు నుంచి మనుషులు కదలరు. ఐదేళ్ళు తిరగకముందే, సభ అనుమతి లేనిదే గవర్నర్ పన్ను విధించరాదని ఆ సభ చట్టం చేసింది. బెర్ముడాలో 1620లో, బార్బడోస్‌లో 1639లో ఇలాంటి సభలే ఏర్పడ్డాయి.

ఈ సభల బలమంతా ఒక చిన్న వాస్తవంలో ఉంది. లండన్ నుంచి వచ్చిన గవర్నరుకు సైన్యం అంతంతమాత్రం, సొంత ఆదాయం దాదాపు సున్నా. మసాచుసెట్స్ సభ గవర్నర్ జీతాన్ని శాశ్వతంగా ఖరారు చేయడానికి ఒప్పుకోక, ఏ ఏటికా ఏడు మంజూరు చేస్తూ వచ్చింది. శాశ్వత జీతం మంజూరు చేయాలని లండన్ ఎన్ని ఆదేశాలిచ్చినా ఆ సభ లొంగలేదు. జీతం ఇచ్చే చేయి తమదైనప్పుడు గవర్నర్ తమ మాట వినక తప్పదని ఆ సభ్యులకు బాగా తెలుసు. అయితే ఆ సభలు అందరివీ కావు. ఓటు దాదాపు అంతటా ఆస్తి ఉన్న తెల్ల పురుషులకే. బార్బడోస్, జమైకా సభల్లో కూర్చున్నది బానిసల శ్రమతో చెరకు పండించే తోటల యజమానులు. స్వేచ్ఛ గురించి ఘనంగా మాట్లాడిన ఆ సభలే బానిసత్వాన్ని చట్టబద్ధం చేసిన కఠిన శాసనాలనూ రాశాయి.

జనం వలసపోయి స్థిరపడిన ప్రాంతానికి, యుద్ధంలో గెలుచుకున్న ప్రాంతానికి బ్రిటిష్ న్యాయం తేడా చూపింది. మొదటి రకం వలసల్లో ఇంగ్లిష్ హక్కులు మనుషులతో పాటే వస్తాయి. రెండో రకంలో రాజు తన ఇష్టం వచ్చినట్టు శాసించవచ్చు. దీనికి హద్దు గీసింది గ్రెనడా ద్వీపం విషయమై 1774లో వచ్చిన కాంప్‌బెల్ వర్సెస్ హాల్ తీర్పు. ఫ్రాన్స్ నుంచి దక్కిన ఆ ద్వీపానికి ప్రతినిధుల సభ ఏర్పాటు చేస్తామని రాజు ముందే ప్రకటించారు. ఆ తర్వాత ఎగుమతులపై నాలుగున్నర శాతం సుంకాన్ని తన ఆజ్ఞతోనే విధించారు. సభ ఇస్తామని ఒకసారి మాటిచ్చాక రాజు ఒంటరిగా పన్ను వేసే అధికారాన్ని కోల్పోయినట్టేనని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తేల్చారు. ఈ తీర్పును లండన్ అధికారులు మరో కోణంలో అర్థం చేసుకున్నారు. ఒకసారి ఇచ్చిన సభను వెనక్కి తీసుకోవడం కష్టం కాబట్టి, కొత్తగా గెలుచుకున్న చోట్ల అసలు ఇవ్వకుండా ఉండటమే మేలన్న ధోరణి ఆ తర్వాతి దశాబ్దాల్లో బలపడింది. ట్రినిడాడ్‌లో ఎన్నికైన సభ్యులు మొదటిసారి సభలో అడుగుపెట్టింది 1925లో.

కెనడాలో మలుపు

అమెరికా వలసలు చేజారడానికి దారితీసిన తగాదా పన్నుల మీదనే. 1778లో బ్రిటిష్ పార్లమెంటు, రాబడి కోసం వలసలపై తాను పన్ను వేయబోనని చట్టం చేసింది గాని, అప్పటికి ఆలస్యమైపోయింది. అందుకే 1791లో కెనడాను ఎగువ, దిగువ కెనడాలుగా విభజించి ఎన్నికైన సభలు ఇచ్చినప్పుడు లండన్ ఒక జాగ్రత్త తీసుకుంది. గవర్నరుకు, ఆయన నియమించే మండలికి ప్రభుత్వ భూముల మీద, కొన్ని సుంకాల మీద సభతో నిమిత్తం లేని ఆదాయం మిగిలి ఉండేలా చూసింది. సభ ఎంత గింజుకున్నా ప్రభుత్వం ఆగదు. పాపినో నాయకత్వంలో దిగువ కెనడా సభ ఖర్చులు మంజూరు చేయడం మానేసింది. సభ అనుమతి లేకుండానే ఖజానా నుంచి సొమ్ము తీసుకోవచ్చని 1837 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు తీర్మానించింది. ఆ ఏడాది చివర తిరుగుబాటు రేగింది.

విచారణకు వచ్చిన లార్డ్ డర్హమ్ 1839లో ఇచ్చిన నివేదిక అసలు లోపాన్ని పట్టుకుంది. ఎన్నికైన సభ ఒకవైపు, దానికి జవాబు చెప్పనక్కరలేని కార్యనిర్వాహకులు మరోవైపు ఉంటే ఆ పాలన ఎప్పటికీ కుదురుకోదు. సభలో మెజారిటీ ఉన్నవారే మంత్రులు కావాలి, మెజారిటీ పోతే వారు దిగిపోవాలి. బాధ్యతాయుత ప్రభుత్వం అనే ఈ పద్ధతి 1848 ఫిబ్రవరిలో నోవా స్కోషియాలో, మరుసటి నెలలో, ఎగువ, దిగువ కెనడాలను మళ్ళీ కలిపి ఏర్పరచిన కెనడా ప్రావిన్సులో అమలులోకి వచ్చింది.

అది కాగితం మీది మాట కాదని తేలింది మరుసటి ఏడాది. తిరుగుబాటు కాలంలో ఆస్తి నష్టపోయిన దిగువ కెనడా వారికి పరిహారం ఇచ్చే బిల్లును లాఫాంటెన్, బాల్డ్విన్ మంత్రివర్గం సభలో నెగ్గించింది. తిరుగుబాటుదారులకు డబ్బు పంచుతారా అని బ్రిటిష్ పక్షపాతులు మండిపడ్డారు. బిల్లును ఆపడానికో, లండన్‌కు నివేదించడానికో గవర్నర్ లార్డ్ ఎల్గిన్‌కు పూర్తి అధికారం ఉంది. మంత్రుల సలహా ప్రకారం ఆయన 1849 ఏప్రిల్ 25న మాంట్రియల్‌లో సంతకం చేశారు. బయటికి వస్తుండగా ఆయన బండి మీద గుడ్లు, రాళ్ళు పడ్డాయి. ఆ రాత్రే జనం పార్లమెంటు భవనాన్ని తగలబెట్టారు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు, లండన్ ఆయనను సమర్థించింది. బిల్లును ఆపే అధికారం చట్టంలో అలాగే ఉండగా, దాన్ని వాడకపోవడమే ఆనవాయితీ అయింది. ఆస్ట్రేలియాలోని చాలా వలసలకు, న్యూజిలాండ్‌కు ఇదే పద్ధతి 1850లలో సంక్రమించింది.

జమైకా: ఉన్న సభే రద్దయిన చోట

ఇదే కాలంలో కరీబియన్‌లో కథ వెనక్కి నడిచింది. 1830లలో బానిసత్వం రద్దయ్యాక జమైకాలో స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు జనాభాలో అత్యధికులు. వారిలో ఆస్తి కూడబెట్టుకున్న కొద్దిమందికి ఓటు వచ్చింది. నాలుగు లక్షలు దాటిన జనాభాలో ఓటర్లు మాత్రం అతి స్వల్పం. ఆ సంఖ్య పెరిగితే సభ ఎవరి చేతికి పోతుందో తోటల యజమానులకు తెలియనిది కాదు. 1865 అక్టోబరులో మొరాంట్ బేలో పాల్ బోగిల్ నాయకత్వంలో పేదలు తిరగబడగా, గవర్నర్ ఎయిర్ సైనిక శాసనం విధించి నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీయించారు. సభలో పేదల పక్షాన మాట్లాడిన సభ్యుడు జార్జి విలియం గోర్డన్‌ను ఉరితీశారు. ఆ భయంలో, రెండు శతాబ్దాలుగా తన హక్కుల కోసం గవర్నర్లతో తగాదా పడిన జమైకా సభ తనను తాను రద్దు చేసుకుంది. 1866 నుంచి అది బ్రిటిష్ రాణి పేరిట లండన్ నేరుగా పాలించే క్రౌన్ కాలనీ అయింది. నల్లవారి మెజారిటీ సభ కంటే లండన్ అధికారి పాలనే నయమని యజమానులు లెక్క వేసుకున్నారు. చుట్టుపక్కల ద్వీపాలు చాలావరకు ఇదే బాట పట్టాయి. జమైకాలో వయోజన ఓటు 1944లో వచ్చింది.

కెనడాను, జమైకాను పక్కపక్కన పెడితే ఆనాటి విధానం స్పష్టమవుతుంది. తెల్లవారు మెజారిటీగా ఉన్న చోట మంత్రివర్గాన్నే అప్పగించారు. ఇతరులు మెజారిటీగా ఉన్న చోట ఉన్న సభ రద్దవుతుంటే ఆమోదించారు.

మద్రాసు: అడగకుండా వచ్చిన రాబడి

భారతదేశం ఈ రెండు నమూనాల్లో దేనికీ చెందదు. ఇక్కడ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది ఖాళీ నేల కాదు. అప్పటికే శిస్తు వసూలు యంత్రాంగం నడుస్తున్న రాజ్యాలు వచ్చాయి. ఉత్తర సర్కారుల్లో గాని, రైతువారీ జిల్లాల్లో గాని భూమిశిస్తును కంపెనీ ప్రభువు హక్కుగా వసూలు చేసింది. మద్రాసులో శిస్తు రేటు నిర్ణయించింది శాసనం కాదు, రెవెన్యూ బోర్డు ఉత్తర్వు. సర్వే చేసి, నేలను సారాన్ని బట్టి తరగతులుగా విభజించి, ముప్ఫై ఏళ్ళకోసారి రీసెటిల్మెంటు పేరుతో రేటు సవరించేవారు. ఏ సభ అనుమతీ అవసరం లేదు. సభను బతిమాలుకోవలసిన గవర్నర్ వర్జీనియాలో ఉంటే, బతిమాలుకోవడానికి సభే అక్కరలేని గవర్నర్ మద్రాసులో ఉన్నారు.

జనం ఊరుకున్నారని దీని అర్థం కాదు. గాజుల లక్ష్మీనర్సు చెట్టి తదితరులు 1852లో స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్, శిస్తు వసూలులో రైతులను హింసిస్తున్న తీరును బ్రిటిష్ పార్లమెంటుకు నివేదించింది. దానిపై ఏర్పడిన విచారణ సంఘం 1855 నివేదికలో ఆ చిత్రహింసలు నిజమేనని ఒప్పుకుంది. కానీ బాధితుల ప్రతినిధులు కూర్చునే సభ కావాలన్న కోరికకు జవాబు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

1861 చట్టం గవర్నర్ మండలికి కొద్దిమంది అదనపు సభ్యులను చేర్చింది. వారిని గవర్నరే నామినేట్ చేస్తారు. పాలన గురించి వారు ప్రశ్నించకూడదు, ఎదుట పెట్టిన బిల్లు మీద మాట్లాడవచ్చు, అంతే. 1892 చట్టం బడ్జెట్ మీద చర్చకు, ప్రశ్నలకు వీలిచ్చింది, ఓటింగుకు ఇవ్వలేదు. పురపాలక సంఘాలు, జిల్లా బోర్డులు, విశ్వవిద్యాలయం పేర్లు సూచిస్తే గవర్నర్ వారిని నామినేట్ చేసే పద్ధతి పెట్టారు. ఆచరణలో ఇది పరోక్ష ఎన్నికే అయినా చట్టం ఆ సంగతి పైకి చెప్పలేదు. 1909లో మింటో, మార్లే సంస్కరణలు ఎన్నికను బాహాటంగా ఒప్పుకుంటూనే ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టాయి. కేంద్ర మండలిలో అధికారుల మెజారిటీ చెక్కుచెదరలేదు.

ఆ మెజారిటీ ఎలా పనిచేసేదో గోఖలే ప్రాథమిక విద్య బిల్లు చెబుతుంది. నిర్బంధ ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలు క్రమంగా ప్రవేశపెట్టేందుకు వీలు కల్పించే ఆ బిల్లు 1912 మార్చిలో 13 ఓట్లకు 38 ఓట్లతో వీగిపోయింది. విచారణ లేకుండా నిర్బంధించే వీలిచ్చే రౌలట్ చట్టాన్ని 1919 మార్చిలో మండలిలోని ఎన్నికైన భారతీయ సభ్యులు ఏకమై వ్యతిరేకించినా అధికారుల ఓట్లతో అది నెగ్గింది. మాలవీయ, జిన్నా రాజీనామా చేశారు. ఇంత బలహీనమైన వేదిక కూడా తెలుగువారికి ఒక విధంగా ఉపయోగపడింది. భాషల ప్రాతిపదికన ప్రావిన్సులను పునర్విభజించాలని 1918 ఫిబ్రవరిలో బి.ఎన్. శర్మ ఇదే మండలిలో తీర్మానం పెట్టారు. అది ఓడిపోయినా ఆంధ్ర రాష్ట్ర ప్రశ్న దేశ చట్టసభ రికార్డులోకి ఎక్కింది.

ద్వంద్వ పాలనలో మంత్రి పరిస్థితి

1919 చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలికి 98 మంది సభ్యులు ఎన్నికయ్యారు. వారిలో 28 స్థానాలు బ్రాహ్మణేతరులకు కేటాయించారు. నాలుగు కోట్లు దాటిన జనాభాలో ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. కాంగ్రెస్ బహిష్కరించిన 1920 ఎన్నికల్లో ఓటు వేసినవారు ఇంచుమించు వారిలో నాలుగో వంతు. బ్రాహ్మణేతరుల పక్షమైన జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. తొలి ముఖ్యమంత్రి సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకోగా, 1921 నుంచి 1926 దాకా పానగల్లు రాజా రామరాయణింగారు ఆ పదవిలో ఉన్నారు.

ద్వంద్వ పాలన అనే ఈ పద్ధతిలో పాలనాంశాలను రెండుగా పంచారు. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, పరిశ్రమల వంటివి మంత్రులకు బదిలీ చేశారు. ఆర్థికం, భూమిశిస్తు, నీటిపారుదల, పోలీసు గవర్నర్ కార్యనిర్వాహక మండలికే రిజర్వు అయ్యాయి. ఖర్చు పెట్టవలసిన శాఖలు ఎన్నికైనవారివి, భూమిశిస్తు వంటి రాబడి శాఖలు ఎన్నిక కానివారివి. ఈ విభజన లోపాన్ని ఏలూరుకు చెందిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు చెప్పినంత సూటిగా మరొకరు చెప్పలేదు. ఆయన 1920 నుంచి 1923 దాకా మద్రాసులో అభివృద్ధి శాఖ మంత్రి. 1924లో సంస్కరణల విచారణ సంఘం ముందు సాక్ష్యమిస్తూ, తాను వ్యవసాయ మంత్రినేనని, నీటిపారుదల మాత్రం తనది కాదని, పరిశ్రమల మంత్రినైనా కర్మాగారాలు, బాయిలర్లు, విద్యుత్తు, గనులు, కార్మికుల వ్యవహారాలు తన పరిధిలో లేవని వివరించారు. గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వచ్చిన మనిషికి నీళ్ళు లేని వ్యవసాయ శాఖ అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు.

డబ్బు సంగతీ అంతే. కొత్త ఏర్పాటులో కేంద్రం లోటు పూడ్చడానికి ప్రావిన్సులు ఏటా చెల్లించవలసిన 983 లక్షల రూపాయల్లో మద్రాసు వాటాయే 348 లక్షలు. కొత్త బడి, కొత్త ఆసుపత్రి అడిగిన మంత్రికి సొమ్ము లేదన్న సమాధానమే తరచుగా వచ్చేది. కేంద్ర శాసనసభకు కూడా ఖజానా మీద చివరి మాట లేదు. 1923లో ఉప్పు పన్ను రెట్టింపును సభ తిరస్కరిస్తే, వైస్రాయి రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో ధ్రువీకరించి అమలు చేశారు.

సభకు, శిస్తుకు మధ్య దూరం తెలుగు జిల్లాల్లో బాగా తెలిసివచ్చింది 1920ల చివర. కృష్ణా, గోదావరి జిల్లాల రీసెటిల్మెంటులో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అంటే 18.75 శాతం పెంచాలని ప్రతిపాదించారు. శిస్తు విధానాన్ని శాసనం కిందికి తేవాలని 1919లోనే పార్లమెంటు సంయుక్త సంఘం సూచించింది గాని, మద్రాసులో అది నెరవేరలేదు. సభ్యులు సభలో ఎంత వ్యతిరేకించినా నిర్ణయం రెవెన్యూ బోర్డుది, కార్యనిర్వాహక మండలిది. ఎకరాల లెక్కన శిస్తు కట్టే రైతే ఓటరు. అతని ఓటుతో గెలిచిన సభ్యుడికి ఆ శిస్తు మీద అధికారం లేదు. అందుకే ఆ తగాదా సభలో తేలక, ఊరూరా రైతు సంఘాల సమావేశాలకు, ఎన్.జి. రంగా వంటివారి ఉద్యమానికి ఊపిరిపోసింది.

అయినా ఆ శాసనమండలిని పనికిరానిదని కొట్టిపారేయడం అన్యాయం. స్త్రీలకు ఓటు లేదన్న నిబంధనను దేశంలో మొదట తొలగించిన ప్రావిన్సు మద్రాసే, అది 1921లో. హిందూ దేవాదాయ చట్టం, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ సభ ద్వారానే వచ్చాయి. సభ చేతికి పూర్తిగా వచ్చిన రంగాల్లో ఫలితం కనిపించింది. రాని రంగాల్లో కనిపించలేదు.

1935 చట్టం కింద 1937లో ప్రావిన్సులకు స్వయంప్రతిపత్తి వచ్చాక అన్ని శాఖలూ మంత్రుల చేతికి వచ్చాయి. 215 స్థానాల మద్రాసు అసెంబ్లీలో కాంగ్రెస్ 159 గెలిచింది. గవర్నర్ ప్రత్యేకాధికారాల మీద హామీ కోరుతూ పార్టీ పదవులు స్వీకరించకపోవడంతో, అదే వెంకటరెడ్డి నాయుడు ఏప్రిల్ నుంచి జులై మధ్య దాకా తాత్కాలిక ప్రభుత్వం నడిపారు. ఆ తర్వాత వచ్చిన రాజాజీ మంత్రివర్గం సేలంలో మద్యనిషేధం పెట్టి, పోయిన ఎక్సైజ్ రాబడి స్థానంలో 1939లో దేశంలోనే తొలి సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. ఒక రాబడిని వదులుకుని మరొకటి ఎంచుకోగలగడం ఎన్నికైన మద్రాసు ప్రభుత్వానికి అదే మొదలు. రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులు అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. 1939 అక్టోబరులో యుద్ధం విషయమై మంత్రివర్గం రాజీనామా చేయగానే 1935 చట్టం 93వ సెక్షన్ కింద గవర్నర్ పాలన వచ్చి 1946 దాకా సాగింది.

ఓటు ఎవరికన్న పేచీ

ఖజానా విషయంలో జాప్యం చేసిన లండన్, ఓటు విషయంలో ఒక్కో చోట ఒక్కో తీరుగా వ్యవహరించింది. సిలోన్‌లో, అంటే నేటి శ్రీలంకలో, 1931లోనే 21 ఏళ్ళు నిండిన స్త్రీపురుషులకు ఓటు ఇచ్చారు. బ్రిటన్‌లోనే స్త్రీలకు సమాన ఓటు వచ్చి అప్పటికి మూడేళ్ళయింది. అయితే ఆర్థిక, న్యాయ, విదేశీ వ్యవహారాలను ముగ్గురు బ్రిటిష్ అధికారుల చేతిలోనే ఉంచారు. తేయాకు తోటల్లోని భారతీయ కూలీల్లో చాలామందికి స్థిరనివాస నిబంధన అడ్డుపడింది.

మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగు, తమిళ కూలీలకు ఈ పేచీ మరింత దగ్గరగా తగిలింది. 1893లో బాధ్యతాయుత ప్రభుత్వం పొందిన, దక్షిణాఫ్రికాలోని నాటాల్ వలస సభ తొలి రోజుల్లోనే భారతీయుల ఓటు తీసేయడానికి పూనుకుంది. జాతి పేరు చెప్పిన బిల్లును లండన్ ఒప్పుకోలేదు. 1896లో అదే పని మరో దారిన చేశారు. పార్లమెంటరీ ఓటుహక్కు మీద ఆధారపడిన ప్రాతినిధ్య సంస్థలు లేని దేశాల నుంచి వచ్చినవారు ఓటర్లు కారాదన్నారు. భారతదేశంలో అలాంటి సభలు ఇవ్వనిది బ్రిటనే. ఆ సభలు లేవన్న కారణంతో నాటాల్‌లో ఓటు పోయింది. 1892 చట్టం కింది మండలులు ప్రాతినిధ్య సంస్థలేనని గాంధీ వాదించినా ఫలితం లేకపోయింది.

ఫిజీలో 1929లో తొలిసారి ముగ్గురు భారతీయులు ఎన్నికయ్యారు. తెల్లవారికి ఆరు సీట్లు. అందరికీ ఒకే ఓటర్ల జాబితా ఉండాలన్న తీర్మానం ఓడిపోగానే ఆ ముగ్గురూ సభ వదిలి వచ్చారు. మారిషస్‌లో 1886 నుంచి ఎన్నికైన సభ్యులున్నా ఓటు కొద్దిమంది ఆస్తిపరులదే. 1947 రాజ్యాంగం, నిర్ణీత భాషల్లో ఏదో ఒకదానిలో చిన్న వాక్యాలు చదివి రాయగలవారికి ఓటు ఇచ్చింది. ఆ జాబితాలో ఇంగ్లిష్, ఫ్రెంచి, హిందుస్థానీ, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగూ ఉంది. బైఠకాలనే ఊరి సమావేశ గృహాల్లో, రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన చెరకు కూలీల పిల్లలు ఓటర్లయ్యారు. జాబితా సుమారు పన్నెండు వేల నుంచి డెబ్బై వేలు దాటింది. 1948లో 19 మంది ఎన్నిక కాగా, గవర్నర్ మరో 12 మందిని నామినేట్ చేశారు. ఎక్కువ భాగం పాత సంపన్న వర్గానికి దగ్గరివారిని ఎంచుకోవడంతో, ఎన్నికల్లో వచ్చిన మార్పు సభలో ఓట్ల బలంగా మారలేదు.

నిజాం రాజ్యం బ్రిటిష్ వలస కాదు గనుక ఈ చట్టాలేవీ తెలంగాణకు వర్తించలేదు. 1939లో ప్రకటించిన సంస్కరణలు కూడా ప్రాంతాలకు, జనసంఖ్యకు బదులు వృత్తి ప్రయోజనాల వారీగా సీట్లు పంచాయి. అక్కడి ప్రజలు పూర్తిస్థాయి చట్టసభకు ఓటు వేసింది 1952 ఎన్నికల్లోనే. మద్రాసు శాసనమండలి అనుభవం ఉన్న కోస్తా, రాయలసీమ నాయకులకు, ఆ అనుభవం లేకుండా ఉద్యమాల నుంచి నేరుగా అసెంబ్లీకి వచ్చిన తెలంగాణ నాయకులకు మధ్య పనితీరులో తేడా ఉండటానికి ఇదొక కారణం.

మిగిలిన ఆనవాళ్ళు

1935 చట్టం 75వ సెక్షన్ ప్రకారం ప్రావిన్సు బిల్లుకు గవర్నర్ తన విచక్షణ మేరకు ఆమోదం తెలపవచ్చు, నిరాకరించవచ్చు, గవర్నర్ జనరల్ పరిశీలనకు పంపవచ్చు, లేదా సందేశంతో సభకు తిప్పి పంపవచ్చు. రాజ్యాంగం 200వ అధికరణం ఈ నాలుగు మార్గాల చట్రాన్నే తీసుకుంది. గవర్నర్ జనరల్ స్థానంలో రాష్ట్రపతి వచ్చారు, విచక్షణ ప్రస్తావనను రాజ్యాంగ సభ తొలగించింది. తిప్పి పంపిన బిల్లును సభ మళ్ళీ ఆమోదిస్తే గవర్నర్ ఆమోదం నిరాకరించరాదన్న నిబంధన చేరింది. గడువు మాత్రం రోజుల్లో చెప్పలేదు. వివాదాలన్నీ ఆ సందులో నుంచి పుట్టినవే. 93వ సెక్షన్ వారసత్వం 356వ అధికరణంలో కనిపిస్తుంది. కెనడాలో ఇలాంటి అధికారాలు చట్టంలో ఉన్నా ఎల్గిన్ నాటి నుంచి పాతుకున్న ఆనవాయితీ వాటిని అదుపులో పెట్టింది. భారతదేశంలో చాలా ప్రావిన్సుల్లో మంత్రివర్గాలు పనిచేసిన కాలమే తక్కువ. 1937 నుంచి 1939 దాకా సాగిన రెండేళ్ళ పైచిలుకు పాలనలో అలాంటి ఆనవాయితీ వేళ్ళూనే అవకాశం లేకపోయింది. అందువల్ల ఇక్కడ ఈ ప్రశ్నలు కోర్టుల్లోనే తేలుతున్నాయి, ఇకముందు కూడా చాలావరకు అక్కడే తేలే అవకాశం ఉంది.

ఖజానా విషయంలో రాజ్యాంగం స్పష్టంగా ఉంది. సభ మంజూరు చేయనిదే రూపాయి ఖర్చు పెట్టరాదు, ద్రవ్య బిల్లును తిప్పి పంపే వీలు గవర్నరుకు లేదు. అయితే ద్రవ్య బిల్లు సభలోకి రావాలంటే గవర్నర్ సిఫారసు కావాలన్న పాత బ్రిటిష్ నియమం 207వ అధికరణంలో కొనసాగింది. మంత్రివర్గ సలహా మేరకు లాంఛనంగా జరిగిపోవలసిన ఈ సిఫారసు 2023 జనవరిలో తెలంగాణలో ఆగింది. బడ్జెట్‌కు అనుమతి రాలేదని రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టు తలుపు తట్టింది. ఇరుపక్షాల న్యాయవాదులు మాట్లాడుకుని, బడ్జెట్ సమావేశాలు గవర్నర్ ప్రసంగంతో మొదలయ్యేలా ఒప్పందానికి వచ్చాక, ఫిబ్రవరి మొదటి వారంలో ఆ బడ్జెట్ శాసనసభ ముందుకు వచ్చింది.